రాగి రేకు నుంచి ఉక్కు పొరల దాకా

ఇంజన్ విప్పి మళ్ళీ కట్టించేవాళ్ళు మెకానిక్‌ను ముందుగా అడిగేది ఏ కంపెనీ హెడ్ గ్యాస్కెట్ వేస్తున్నావనే. దర్శి, పొదిలి, అద్దంకి వైపు మెట్టలోకి ఇంజన్లు వచ్చిన క్రమాన్నీ, వాటిని బాగుచేసే పని మారిన తీరునూ చూస్తే, ఆ ప్రశ్నకు ముందు అడగవలసింది వేరే ఉందనిపిస్తుంది. హెడ్డు అడుగు, బ్లాకు పైభాగం ఎంత చదునుగా ఉన్నాయి? ఆ ఇంజన్‌లో ఏ నీళ్ళు పోస్తున్నారు? గ్యాస్కెట్ రకం మారిన ప్రతిసారీ దాని వెనక మిషన్ పనిలోనో, లోహంలోనో, మనిషి ఆరోగ్యం గురించిన ఎరుకలోనో వచ్చిన మార్పు ఉంది. ఎదుట ఉన్న ఇనుముకు ఏది నప్పుతుందన్నదే ఎప్పుడూ తేల్చింది. డబ్బా మీది పేరు కాదు.

ఈ ప్రాంతపు రైతుకు ఇంజన్ మొదట కారుగా రాలేదు, నీళ్ళు తోడే యంత్రంగా వచ్చింది. దర్శి ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970 ఫిబ్రవరి 2న కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరింది, ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. వాననే నమ్ముకున్న నేల ఇది. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. కాలువకు ఎత్తున ఉన్న చేలకు, వాగు పక్క పొలాలకు మాత్రం నీళ్ళు తమంతట తాము ఎక్కవు కదా. అక్కడ ఆయిల్ ఇంజనే దిక్కు. కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ 1946లో పుణెలో మొదలైంది. ఇంగ్లండు లిస్టర్ నమూనాలో రాజ్‌కోట్ కార్ఖానాలు ఒంటి సిలిండర్ ఇంజన్లు పోతపోశాయి. 1954లో జంషెడ్‌పూర్ నుంచి టాటా మెర్సిడెస్ లారీలు, ఆ దశకంలోనే మద్రాసు నుంచి లేలాండ్ లారీలు రావడం మొదలయ్యాక మిర్చి టిక్కీలు, పత్తి బోరాలు గుంటూరుకు వాటిమీదే చేరాయి. జాతీయ రహదారులు కలిసే విజయవాడలో 1966లో ఆటోనగర్ వెలిసింది. కొత్త బండి కోసం ఏళ్ళ తరబడి వరసలో నిలబడే లైసెన్సుల కాలం అది. అందుకే ఇంజన్ పాతబడితే పారేయడం కాదు, రీబోర్ చేసి, స్లీవు దించి, హెడ్డు గీయించి మళ్ళీ నడిపించడమే ఆ తరం పద్ధతి అయింది.

ఆ పద్ధతికి సరిపోయిన గ్యాస్కెట్ రాగి, రాతినారలతో చేసినది. హెడ్ గ్యాస్కెట్ ఒకేసారి మూడింటిని ఆపాలి: సిలిండర్‌లో పేలే వాయువును, చుట్టూ తిరిగే నీళ్ళను, పైకెక్కే ఆయిల్‌ను. రెండు పలుచని రాగి రేకుల మధ్య రాతినార పొర పెట్టి, సిలిండర్ కంతల చుట్టూ అంచులు మడిచి నొక్కితే తయారయ్యేది ఆ గ్యాస్కెట్. రాతినార వేడికి కాలదు, బోల్టు బిగిస్తే అణుగుతుంది. రాగి మెత్తన కాబట్టి గీతలూ చిన్న గుంటలూ ఉన్నచోట వాటిలోకి దిగి కూర్చుంటుంది. పదిసార్లు బాగుచేసిన బ్లాకు మీద కత్తి గుర్తులు, తుప్పు తిన్న చోట్లు తప్పవు. ఆ లోపాన్ని గ్యాస్కెట్టే మింగేది. 1956లో టాల్‌బ్రోస్ సంస్థ ఇంగ్లండుకు చెందిన కూపర్స్ పేయెన్ సహకారంతో మనదేశంలోనే గ్యాస్కెట్ల తయారీకి పూనుకుంది. దాంతో విదేశీ సరుకు కోసం కాచుకునే అవసరం తగ్గింది.

ఇదంతా లేమి వల్ల పుట్టిన సర్దుబాటే, మంచి మిషన్లు లేక మెత్తటి గ్యాస్కెట్‌తో నెట్టుకొచ్చారు అనేవాళ్ళున్నారు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ అంబాసిడర్ కారులోని 1489 సీసీ ఇంజన్‌కు ఇంగ్లండులో రూపమిచ్చిన బీఎంసీ గానీ, పద్మిని కారుకు మూలమైన ఫియట్ గానీ బీద కంపెనీలు కావు; ఆ కాలంలో యూరప్, అమెరికా కార్ఖానాలు కూడా ఈ రకం గ్యాస్కెట్లను విరివిగా వాడాయి. అప్పటి మిల్లింగ్ పని ఇచ్చే నునుపుకు అదే తగినది. బిగించి కొన్ని వందల మైళ్ళు నడిపాక మళ్ళీ టార్క్ పట్టడం ఆ కంపెనీల సర్వీసు పుస్తకాల్లోనే ఉన్న నియమం, ఎందుకంటే రాతినార వేడికి కొంత అణిగి బోల్టు వదులవుతుంది. మన మెకానిక్కులు ఆ రెండో బిగింపును పట్టుబట్టి చేయించారంటే అది చేతికొచ్చిన శాస్త్రమే తప్ప మోటు పని కాదు.

అసలు చిక్కు లోహం మారినప్పుడు వచ్చింది. అంబాసిడర్‌లో హెడ్డూ బ్లాకూ రెండూ పోత ఇనుమే, వేడికి రెండూ ఒకే తీరున సాగుతాయి. పద్మినిలో హెడ్డు అల్యూమినియం. 1983 డిసెంబరు 14న తొలి బండి బయటికొచ్చిన మారుతి 800 లోనూ అంతే. అల్యూమినియం పోత ఇనుముకంటే దాదాపు రెట్టింపు సాగుతుంది, కాబట్టి ఇంజన్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ హెడ్డు గ్యాస్కెట్ మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. పైగా అల్యూమినియం హెడ్డు ఒక్కసారి మితిమీరి కాగితే వంగిపోతుంది. ఇక్కడే దర్శి నేల సంగతి చూడాలి. ఈ పడమటి మండలాల బోరు నీళ్ళు ఫ్లోరైడుకు పేరుపడ్డవి. ఫ్లోరైడు ఇంజన్‌ను పాడుచేయదు గానీ, అలాంటి నీళ్ళలో సున్నపు లవణాలు ఎక్కువగా ఉన్నచోట రేడియేటర్‌లో పోస్తే నీటి దారుల్లో పొర కడుతుంది. పొర కట్టినచోట వేడి బయటికి పోదు, రెండు సిలిండర్ల మధ్య సన్నటి గోడ కాగుతుంది, గ్యాస్కెట్ తరచు తెగేది అక్కడే. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు పోటెత్తేది ఫిబ్రవరి నుంచి మే దాకా, అంటే నిండు లోడూ నిండు ఎండా ఒకేసారి. అలా తెగినప్పుడు నింద గ్యాస్కెట్ మీద పడుతుంది. నీళ్ళ మీద పడవలసింది అది.

రాతినార మరుగున పడటానికి కారణం మాత్రం మిషన్ పని కాదు, మనుషుల ఊపిరితిత్తులు. తెలుగు నేలకు ఇది దూరపు కథ కాదు: కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో క్రిసోటైల్ రాతినారను గనుల్లోంచి తవ్వి తీశారు. రాతినార క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1977 నాటికే తేల్చింది. 1995లో మన సుప్రీంకోర్టు ఆ పరిశ్రమ కార్మికుల ఆరోగ్యాన్ని జీవించే హక్కులో భాగంగా చూసి, వాళ్ళ వైద్య వివరాలను 40 ఏళ్ళు భద్రపరచాలని ఆదేశించింది. కొత్త గనుల లీజులను ప్రభుత్వం అంతకుముందే ఆపింది. అంత గట్టి గ్యాస్కెట్‌ను ఎందుకు వదులుకోవాలి అని అడిగేవాళ్ళకు ఇదే జవాబు. గ్యాస్కెట్‌గా బిగించి ఉన్నంతకాలం రాతినార ఎవరినీ ఏమీ చేయదు. పాత ముక్కను గీకి, వైరు బ్రష్‌తో రుద్ది, గాలితో ఊదేటప్పుడు లేచే దుమ్మే పీల్చినవాడికి ముప్పు, అలా పీల్చేది షెడ్డులో పనిచేసే కుర్రవాళ్ళు. ఎంత గట్టి గ్యాస్కెట్ అయినా ఆ ధరకు కొనదగినది కాదు.

రాతినార స్థానంలో మొదట ఉక్కు రేకు మీద గ్రాఫైటు పొర అద్దిన అట్ట గ్యాస్కెట్లు, 1990లలో పలు ఉక్కు పొరల గ్యాస్కెట్లు వ్యాపించాయి. స్ప్రింగు ఉక్కు రేకుల మీద ఉబ్బు గీతలు తీసి, పైన రబ్బరు పూత పూసిన ఈ ఉక్కు పొరల గ్యాస్కెట్ హెడ్డు జరుగుడును తట్టుకుంటుంది, రెండోసారి బిగించే పనీ లేదు. అందుకే కొత్తదే ఎప్పుడూ మేలు, ఏ ఇంజన్‌కైనా అదే వేయండి అనే వాదం పుట్టింది. ఈ వాదమే నాకు అన్నిటికన్నా నష్టకరంగా తోస్తుంది. ఉక్కు మెత్తబడి గుంటలోకి దిగదు. తయారీదారులు సాధారణంగా నాలుగు సిలిండర్ల హెడ్డు మీద వంపు 0.05 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే ఉండాలంటారు, నునుపు కూడా అట్ట గ్యాస్కెట్ అడిగేదానికి రెట్టింపు పైనే కోరతారు. గీతలున్న పాత బ్లాకు మీద, బాగా గీయించకుండా ఉక్కు పొరల గ్యాస్కెట్ వేస్తే నీళ్ళు చెమర్చడం ఖాయం. అక్కడ గ్రాఫైటు రకమే తెలివైన ఎంపిక. బ్లాకునూ హెడ్డునూ మంచి మిషన్ మీద పెట్టించగలిగితే ఉక్కు పొరలదే పైచేయి. ఇంకో సంగతి, హెడ్డు గీసిన మేరకు కంప్రెషన్ పెరుగుతుంది. డీజిల్ ఇంజన్లలో పిస్టన్ బ్లాకు మీదికి ఎంత పొడుచుకొస్తోందో కొలిచి మందం ఎంచాలి. చాలా గ్యాస్కెట్ల అంచున ఉండే గాట్లు, కంతలు ఆ మందానికే గుర్తులు. పాత గ్యాస్కెట్ మీద ఎన్ని గాట్లున్నాయో చూసి అదే తెచ్చుకోవడం, కొలవకుండా తెచ్చుకోవడమే.

కనుక ఇంజన్ కట్టించే యజమానులు గ్యాస్కెట్ కొనకముందే స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్ పెట్టి తీసిన కొలత చూపించమని అడగండి, నీటి దారులు శుభ్రం చేయించండి, రేడియేటర్‌లో బోరు నీళ్ళు కాక కూలెంటు పోయించండి. విప్పేది పాత అంబాసిడరో, ఆయిల్ ఇంజనో అయితే, పాత గ్యాస్కెట్‌ను నీళ్ళతో బాగా తడిపి, ముక్కుకు దుమ్ము పట్టనివ్వని మాస్కు కట్టుకుని, గాలి ఊదకుండా తీయమని షెడ్డులోని కుర్రవాళ్ళకు చెప్పండి.