గ్రాట్యుటీ ఎంతో కంపెనీయే చెప్పాలి.. మీరు అడగకపోయినా!

ఉద్యోగం మానేశాక గ్రాట్యుటీ కోసం హెచ్‌ఆర్‌ చుట్టూ తిరగక తప్పదని చాలామంది అనుకుంటారు. చట్టం చెప్పేది వేరు. గ్రాట్యుటీ చెల్లించాల్సిన సమయం రాగానే, ఉద్యోగి దరఖాస్తు చేసినా చేయకపోయినా, ఎంత వస్తుందో యాజమాన్యమే లెక్కగట్టాలి. ఆ మొత్తం చూపుతూ రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ప్రభుత్వం నియమించిన అధికారికీ అదే సమాచారం పంపాలి. 1972 నాటి చట్టంలోని ఈ నిబంధన, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంది.

సాధారణంగా ఐదేళ్ల సర్వీసు కావాలి. ఫిక్స్‌డ్‌ టర్మ్‌ ఉద్యోగులకు కొత్త కోడ్‌లో ఆ షరతు లేదు.

నోటీసు చేతికొస్తే ముందు చూడాల్సింది సర్వీసు కాలం. ఆర్నెల్లు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కించాలి. అంటే 6 ఏళ్ల 8 నెలలు పనిచేస్తే 7 ఏళ్లు. చివరి నెల బేసిక్‌, డీఏ కలిపి రూ.26,000 అనుకుందాం. దాన్ని 26తో భాగించి, 15తోనూ 7తోనూ గుణిస్తే రూ.1,05,000. నోటీసులో ఆరేళ్లే వేశారా? రూ.15,000 తగ్గినట్టే! ఇలాంటి తేడా నోటి మాటల్లో బయటపడదు, కాగితం మీదే కనిపిస్తుంది.

డబ్బు 30 రోజుల్లో చెల్లించాలి. దాటితే సాధారణ వడ్డీ కలపాలి. లెక్కలో పేచీ ఉంటే పైన చెప్పిన అధికారికే దరఖాస్తు చేసుకోవచ్చు. నోటీసు కంపెనీ బాధ్యతే అయినా, మీ వైపు నుంచి ఓ దరఖాస్తు ఇచ్చి రసీదు దాచుకోవడం మేలు.