ఒక గదిలో నలుగురు: మన సీమ విద్యార్థుల హాస్టలు చరిత్ర

చరిత్ర అనగానే మన కోయిలకుంట్ల వారికి ముందుగా జ్ఞాపకం వచ్చేది ట్రెజరీ. 1846 జూలైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దాని మీద పడిన సంగతీ, 1847 ఫిబ్రవరి 22న ఆయనను ఇక్కడే ఉరి తీసిన సంగతీ మన వీధుల్లో చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. నేను రాయబోయేది అటువంటి వీరగాథ కాదు. మన పిల్లలు చదువు కోసం ఊరు విడిచినప్పుడు ఎక్కడ పడుకున్నారు, ఎవరి పక్కన పరుపు పరుచుకున్నారు అన్నదే నా విషయం. దీన్ని కూడా చరిత్ర కిందనే లెక్క వేయాలని నా మనవి.

ఊరు విడవటం మనకు కొత్త కాదు. 1858 వరకు మన తాలూకా కడప జిల్లాలో ఉండేది, తర్వాత కర్నూలు జిల్లాలో కలిసింది, 2022 ఏప్రిల్ నుండి నంద్యాల జిల్లా అయింది. జిల్లా ఏదయినా పై చదువు మాత్రం దూరంగానే ఉండేది. మద్రాసు రాజధాని రోజుల్లో పెద్ద కళాశాల అంటే మద్రాసే. 1916లో అనంతపురంలో దత్తమండల కళాశాల పెట్టాకనే సీమ గడ్డ మీద కాస్త ఊపిరి ఆడింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు కొంతకాలం అక్కడ తత్త్వశాస్త్రం బోధించారు. నీలం సంజీవరెడ్డి గారు అక్కడే చదివారు. ఇద్దరూ రాష్ట్రపతులయ్యారని అనంతపురం వారు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే.

అరబ్బీ చదువులకు పోయేవారి దారి వేరు. వేలూరులో బాఖియాతుస్సాలిహాత్, 1924లో స్థాపించిన ఉమరాబాదు జామియా దారుస్సలాం, ఇవి రెండూ పిల్లలను ఉంచుకుని చదువు చెప్పినవి. ఉండే చోటును ఉర్దూలో దారుల్ ఇఖామా అంటాము. చదువు చెప్పే ఇల్లు, ఉండే ఇల్లు రెండూ ఒక్కటే అన్న పాత పద్ధతి మదరసాలది. ఇంగ్లీషు చదువులకు వచ్చేసరికి ఆ ముడి తెగిపోయింది. కళాశాల సర్కారు కట్టింది, పిల్లవాడు ఎక్కడ ఉంటాడన్నది తండ్రి తలనొప్పి అయింది.

ఈ తలనొప్పిని ముందుగా కనిపెట్టినవారు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్. 1869, 70 సంవత్సరాల్లో ఇంగ్లాండులో ఉండి కేంబ్రిడ్జి పద్ధతి చూసి వచ్చారు. 1875లో అలీగఢ్‌లో బడి తెరిచారు, 1877 జనవరి 8న కళాశాలకు వైస్రాయి లిట్టన్ చేత పునాది రాయి వేయించారు. ఆ కట్టడంలో తరగతులతో సమానంగా విద్యార్థుల గదులకు చోటు ఇచ్చారు. డబ్బుల కోసం ఆయన తొక్కని గడప లేదు. ఎక్కువ చందా ఇచ్చినవారి పేరు గది మీద, తక్కువ ఇచ్చినవారి పేరు ప్రహరీ గోడ మీద చెక్కించారు. మన ఊళ్ళో చందా రసీదు పుస్తకం పట్టుకుని తిరిగినవారికి ఆ పెద్దమనిషి అవస్థ బాగా అర్థమవుతుంది! ఇంకొక ముచ్చట. ముస్లిముల కోసం పెట్టిన ఆ కళాశాల నుండి మొట్టమొదట పట్టా పుచ్చుకున్నది ఈశ్వరీప్రసాద్ అనే హిందూ విద్యార్థి. దీన్ని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మనకు దగ్గరలో హైదరాబాదు ఉంది. 1918లో అక్కడ ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలయింది. అదే సంవత్సరం, తర్వాత నగర కొత్వాలు అయిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారి పూనికతో రెడ్డి హాస్టలు వెలిసింది. పల్లెల నుండి వచ్చిన రెడ్ల పిల్లలకు తిండి, నీడ అన్నది దాని ఉద్దేశ్యం. కాని దాని నిర్వాహకుడుగా కుదిరిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక నడిపారు, అందులో ఉండి చదువుకున్న రావి నారాయణరెడ్డి గారు పెద్ద నాయకుడయ్యారు. పడకలు వేసిన చోట ఆలోచనలు కూడా మొలిచాయి. ఒక కులం హాస్టలు చూసి మరో కులం వారు తమ పిల్లలకూ కట్టుకున్నారు. తప్పని నేను అనను. అవి లేకపోతే ఎన్ని వేలమంది పల్లె పిల్లలు పదో తరగతితో ఆగిపోయి ఉండేవారో.

గది దొరకని వారూ ఉన్నారు. మఖ్దూం మొహియుద్దీన్ హైదరాబాదు వచ్చిన తొలి రోజుల్లో మసీదులో తల దాచుకున్నారు. 1933లో చదువుకుంటూ ఆయన రాసిన తొలి నజ్మ్ ఒక పసుపుపచ్చ శాలువా మీద నవ్వులాట, పేరు ‘పీలా దుశాలా’. తర్వాత ఆయన రాసిన నిప్పులాంటి కవిత్వం అందరికీ తెలుసు గాని, ఆరంభం మాత్రం కుర్రకారు నవ్వులతోనే.

హాస్టలు గోడలు బయటి గాలిని ఆపలేవన్నది కూడా అక్కడే తేలింది. 1938 నవంబరులో ఉస్మానియా హాస్టలు ప్రార్థన గదిలో వందేమాతరం పాడవద్దని అధికారులు ఆంక్ష పెట్టారు, విద్యార్థులు వినలేదు. హాస్టలు నుండి, ఆపై చదువు నుండి కూడా వెళ్ళగొట్టారు. నాగపూరు విశ్వవిద్యాలయం వారిని చేర్చుకుంది. అలా వెళ్ళినవారిలో పి.వి. నరసింహారావు గారు ఒకరు. ఆ రోజుల్లో ఎన్ని గదుల్లో పక్కమంచం ఖాళీ అయి ఉంటుందో అని నాకు అనిపిస్తూ ఉంటుంది. చరిత్ర పుస్తకాల్లో ఉద్యమం ఉంటుంది, మిగిలిపోయిన మంచం ఉండదు.

ఇక మన కర్నూలు. 1947లో అఫ్జలుల్ ఉలమా డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు అక్కడ ఉస్మానియా కళాశాల స్థాపించారు. పేరు ఒకటే గాని హైదరాబాదు విశ్వవిద్యాలయం వేరు, ఇది వేరు. ఆయన కర్నూలు మనిషి, మద్రాసు గవర్నమెంటు ముహమ్మదన్ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసినవారు. సొంత ఊళ్ళో కళాశాల లేక పిల్లలు పడే పాట్లు ఎరిగిన మనిషి. ముస్లిములు నడిపే కళాశాల అయినా అన్ని కులాల, మతాల పిల్లలూ అందులో చదివారు, చదువుతున్నారు. 2016లో కర్నూలుకు వచ్చిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టడం తగిన పనే.

అదే ఊళ్ళో 1972లో సర్కారు వారు మరొక ప్రయోగం చేశారు. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయిన సందర్భంగా సిల్వర్ జూబ్లీ కళాశాల పెట్టి, ఆంధ్ర, రాయలసీమ, తెలంగాణ మూడు ప్రాంతాల పిల్లలకూ సీట్లు పంచి, అందరినీ అక్కడే ఉంచి చదివించారు. 1969లో తెలంగాణ ఉద్యమం జరిగి ఉంది, 1972 చివర్లో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. పెద్దలు బయట కొట్లాడుకుంటూ ఉంటే పిల్లలను ఒక కప్పు కింద పడుకోబెట్టి కలపాలని చూశారన్నమాట. 2014లో రాష్ట్రం రెండయింది, అది వేరే కథ. ఆ కప్పు కింద కుదిరిన స్నేహాలకు మాత్రం ఎవరూ సరిహద్దు గీయలేదు.

హాస్టల్లో సీటు రానివారికి మిగిలేది అద్దె గది. మా తరం వాళ్ళం చాలామంది ఆ బాపతే. కర్నూలు పాతబస్తీలో నాపరాతి బండలు పరిచిన ఒక గది, నలుగురం. ఇద్దరం కోయిలకుంట్ల, ఒకడు ఆళ్ళగడ్డ వైపు, నాలుగో అబ్బాయి ఆదోని దగ్గర లింగాయతుల పిల్లవాడు. కిరోసిన్ స్టవ్వు ఒకటే, గిన్నెలు రెండు రకాలు. మాంసం వండే గిన్నె కిటికీ పక్క, అతని గిన్నె గూట్లో. ఎవరూ చెప్పలేదు, గీత గీయలేదు, వారం రోజుల్లో అదే కుదిరింది. వంట వంతు, నీళ్ళ వంతు, ఊడ్చే వంతు ఒక నోటు పుస్తకంలో రాసేవాళ్ళం. బియ్యం, శెనక్కాయల ఊరిమిండి ఊరి నుంచి బస్సులో వచ్చేవి. రంజాన్ నెలలో సహరీకి అలారం పెట్టి లేపేవాడు ఆ లింగాయతుల అబ్బాయే. మేము లేవకపోతే దుప్పటి లాగేవాడు. “రేయ్, తెల్లారితే పస్తుంటారు, లేవండ్రా!” అని ఆయన కేక. ఆ నెలంతా పగలు స్టవ్వు వెలిగించకుండా బయట తిని వచ్చేవాడు. వద్దన్నా వినలేదు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే ఒక ముఖ్యమైన కారణం ఉంది. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. కళాశాలలో పాఠం ఇంగ్లీషులో, పిల్లల మాట తెలుగులో. పగలు తరగతిలో సగం అర్థమయ్యేది. మిగిలిన సగం రాత్రి గదిలో ఆ అబ్బాయి తెలుగులో చెబితే తలకెక్కేది. బదులుగా నేను లెక్కలు చెప్పేవాణ్ణి. ఈనాడు నా దగ్గర చదివి పోయే పిల్లలకూ ఇదే పరిస్థితి. ఉర్దూ మీడియం పిల్లవాడికి గది అంటే నిద్రపోయే చోటు మాత్రమే కాదు, రెండో తరగతి గది.

మన సంఘంలో అప్పుడప్పుడు “మన పిల్లలకు మనమే హాస్టలు కట్టుకుందాం” అనే మాట వినబడుతూ ఉంటుంది. మంచి మాట. ముస్లిములలో వెనుకబడిన వర్గాలకు 2007 చట్టం ఇచ్చిన 4 శాతం వల్ల సీట్లు వస్తున్నాయి, సీటు వచ్చినవాడికి నీడ కావాలి. కాని నలుగురూ ఉర్దూ మీడియం వాళ్ళే ఒక గదిలో పడితే, నలుగురికీ అర్థం కాని పాఠం ఎవరు చెబుతారు? కాబట్టి కట్టే రోజు వస్తే గదికి ఒక్క మంచమైనా ఇతర పిల్లలకు ఉంచాలని నా అభిప్రాయం. అలీగఢ్ ఈశ్వరీప్రసాద్‌ను అందుకే జ్ఞాపకం ఉంచుకోమన్నాను. దీనికి కొందరు పెద్దలు ఒప్పుకోరని తెలుసు, చర్చ జరగనీయండి.

ఇంకొక్క సంగతి. అలీగఢ్‌లో షేక్ అబ్దుల్లా గారు, ఆయన బేగం వహీద్ జహాన్ 1906లో ఆడపిల్లల బడి పెట్టారు. దూరపు ఊళ్ళవారు పిల్లలను పంపాలంటే ఉండే చోటు ఉండాలి కదా! 1914లో హాస్టలు తెరిచారు. తల్లిదండ్రులకు నమ్మకం కలగాలని ఆ తల్లి సొంత ఇల్లు వదిలి పిల్లలతోపాటు హాస్టల్లోనే కాపురం ఉన్నారు. మన ఊళ్ళో డిగ్రీ కళాశాల ఉంది, 2016 నుండి రైలు కూడా ఉంది. అయినా డిగ్రీ దాటిన చదువుకు కర్నూలో, తిరుపతో పోవాలి. ప్రతి సంవత్సరం సీట్లు వచ్చే రోజుల్లో ఆడపిల్లల తండ్రులు నా దగ్గరికి వస్తారు. “సీటొచ్చింది సారూ, ఫీజుది ఎట్లో చూసుకుంటాం, బిడ్డ యాడుంటాది?” అని అడుగుతారు. బంధువుల ఇల్లు ఉన్న పిల్ల పోతుంది, లేని పిల్ల ఆగిపోతుంది. హాస్టలు కట్టేది మనమైనా, మరొకరైనా, మొదటి గది ఆడపిల్లలకు కట్టమని నేను అడుగుతాను. మగపిల్లలు నలుగురు కూడితే ఒక స్టవ్వు, ఒక తాళం కొనుక్కుని పాతబస్తీలో ఎక్కడో ఒకచోట సర్దుకుంటారు.