అడవియు, అరచేతి దండోరాయు

మాకవరపాలెమున రాచపల్లి అల్యూమినా కర్మాగారము నెఱుఁగనివా రుండరు. 2007లో రాష్ట్రప్రభుత్వము రాస్ అల్ ఖైమా వారితోఁ జేసికొనిన యొడంబడికవలనఁ బుట్టిన దది. చింతపల్లి యడవులందలి జెర్రెల కొండల బాక్సైటును దెచ్చి యిచట శుద్ధి చేయుదురని తలఁచిరి. కర్మాగారము లేచినది; కొండనుండి రాయి మాత్రము దిగలేదు. ఏల దిగలేదో విచారించినచో, నేఁడు ఇంటింటఁ జర్చింపఁబడు ప్రశ్న కొకదానికి సమాధానము దొరకును. ఫోనులలోఁ జిత్రములను, నినాదములను బంపుకొనుటచే నడవులు నిలుచునా?

బాక్సైటు కథకు మూలము 1997 జులై 11వ తేది సమత తీర్పు. షెడ్యూలు ప్రాంతములందలి ప్రభుత్వభూములను గిరిజనేతరులకుఁ గౌలున కీయరాదనియు, ప్రైవేటు కంపెనీలును గిరిజనేతరులే యనియు నత్యున్నత న్యాయస్థానము చెప్పెను. నాఁడు ఫేసుబుక్కు లేదు, ట్విట్టరు లేదు. 2015 నవంబరులో 97వ సంఖ్యగల ప్రభుత్వోత్తరువు జెర్రెలయందు 1,212 హెక్టారుల యడవిని త్రవ్వకముల కప్పగింపఁజూచినపుడు మన్యపు జనులు కొండలు దిగివచ్చి యెదిరించిరి. ఉత్తరువు ఆగినది, 2019లో రద్దయినది. ఇందు ఘనత కాలినడకది, న్యాయశాస్త్రముది.

అట్లని క్రొత్త సాధనమును నిరసింపఁదగునా? 2019లో నల్లమల యురేనియము మాట వచ్చినపుడు అమ్రాబాదు పులుల యభయారణ్యమును జూడనివారు సయితము ఫోనులందు గొంతెత్తిరి, సినిమానటులు తోడైరి. అచటి చెంచులును, గ్రామస్థులును నంతకుముందే యెదిరించుచుండిరి. ఆ రెండు స్వరములు కలిసినవి. సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ త్రవ్వకములు వలదని యేకగ్రీవముగాఁ దీర్మానించెను. మాఱుమూల పెంట మొఱను రాజధానికి వినిపించుటలో నీ దండోరాకు సాటి లేదు.

దీని దోషము 2025లో కంచ గచ్చిబౌలియందు బయలుపడెను. విశ్వవిద్యాలయము ప్రక్కనున్న 400 ఎకరములలో యంత్రములు చెట్లను గూల్చుచుండఁగా విద్యార్థు లడ్డుపడిరి. వారి మొఱ దేశమంతట వ్యాపించెను. కాని దానివెంట కృత్రిమమేధచే కల్పింపఁబడిన జింకల, నెమళ్ల చిత్రములును వ్యాపించెను. అట్టి చిత్రము నొకదానిని మేమును నిజమని నమ్మి బంధువులకుఁ బంపితిమి. మఱునాఁ డది కల్పితమని తెలిసి సిగ్గుపడితిమి. ఆ చిత్రములను జూపి ప్రభుత్వపక్షము వారు ఉద్యమమంతయు నబద్ధమే యనఁగలిగిరి. నిజముగాఁ గూలిన చెట్లకు మా తొందరపాటు వైరియైనది.

ఏప్రిల్ 3న అత్యున్నత న్యాయస్థానము చేసిన పని గమనింపుఁడు. చిత్రములను నమ్మలేదు, త్రోసివేయలేదు. హైకోర్టు రిజిస్ట్రారును స్థలమునకుఁ బంపి, యాతఁడు చూచి వ్రాసిన నివేదిక ననుసరించి పనుల నాపించెను.

చదువరులారా, గృహస్థులమగు మనకును నిదియే మార్గము. దండోరా జనమును బిలుచును. సాక్ష్యము చెప్పుటకు మాత్రము కన్నులారఁ జూచినవాఁడు కావలెను. ఏ చిత్రమైనఁ బంపుటకు ముందు ఎవరు, ఎప్పుడు, ఎచటఁ దీసిరని యడుగుదము. మన యూరి చెఱువునో, కొండనో యొక్కమాఱు నడచి చూచి, చూచినది వ్రాసి, పేరు పెట్టి యధికారులకుఁ బంపుదము. పిమ్మట ఫోనునఁ బ్రకటించినను దోషము లేదు.