భిలాయ్: మురుగునీటి నిర్వహణ, తాగునీటి భద్రత

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో గల భిలాయ్, స్వాతంత్ర్యానంతరం నిర్మితమైన ఉక్కు నగరాలలో ఒకటి. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు స్థాపించిన ఈ కర్మాగారంలో 1959లో ఉత్పత్తి ప్రారంభమైంది. ఉపాధి కోసం తరలివచ్చిన అనేక తెలుగు కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. టౌన్‌షిప్‌ను సెక్టార్ల వారీగా, భూగర్భ మురుగు కాలువలతో నిర్మించారు. దాని చుట్టూ ఉన్న బస్తీలలో అధిక భాగం అటువంటి ప్రణాళిక లేకుండానే విస్తరించింది.

టౌన్‌షిప్‌కు కాలువ ద్వారా మరోదా చెరువుకు చేరే నీరు ఆధారం. ఈ ప్రాంతపు ప్రధాన నది శివనాథ్, మహానదికి ఉపనది. శుద్ధి చేయని మురుగు కాలువల్లోకి చేరితే, దాని భారం చివరకు నదిపైనే పడుతుంది.

మురుగు తాగునీటిలో కలిసే మార్గాలు ప్రధానంగా రెండు.

మొదటిది నీటి వనరు కలుషితం కావడం. 1955-56లో యమునా నదిలోని మురుగు ఢిల్లీ నీటి శుద్ధి కేంద్రానికి చేరడంతో సుమారు 29 వేల మంది కామెర్ల బారినపడ్డారు. క్లోరిన్ మోతాదు పెంచినా ఫలితం లేకపోయింది. ఆ వ్యాధికి కారణం హెపటైటిస్-ఇ వైరస్ అని తర్వాత తేలింది. గర్భిణులకు ఇది ప్రాణాంతకం కావచ్చు.

రెండవది పైపులైన్ల లోపం. సరఫరా ఆగినప్పుడు పైపులో పీడనం తగ్గి, పగుళ్ల గుండా పక్కనున్న మురుగు లోపలికి చేరుతుంది. హైదరాబాద్‌లోని భోలక్‌పూర్‌లో 2009లో కలుషిత నీరు తాగి పలువురు మరణించారు. పైగా సరఫరా నిరంతరం లేనిచోట ప్రజలు నీటిని నిల్వ చేసుకుంటారు. మూతలేని పాత్రలలో డెంగీ దోమలు వృద్ధి చెందుతాయి. 2018లో భిలాయ్ తీవ్రమైన డెంగీ వ్యాప్తిని ఎదుర్కొంది.

భారతీయ ప్రమాణాల ప్రకారం 100 మిల్లీలీటర్ల తాగునీటిలో ఒక్క ఇ.కోలి బ్యాక్టీరియా కూడా కనిపించరాదు. నీరు తేటగా ఉన్నంత మాత్రాన సురక్షితమని భావించరాదు. అనుమానం కలిగినప్పుడు కాచి చల్లార్చి తాగడం శ్రేయస్కరం.

అయితే గృహస్థుల జాగ్రత్త తాత్కాలిక రక్షణ మాత్రమే. మురుగును పుట్టినచోటి నుంచే వేరుగా మళ్లించి, శుద్ధి చేసిన తర్వాతే నదిలోకి వదలాలి. పాత పైపులను సకాలంలో మార్చాలి. సెక్టార్‌కూ బస్తీకీ మధ్యనున్న సరిహద్దు నీటికి వర్తించదు. ఒకచోట విడిచిన మురుగు మరొకచోట వ్యాధిగా పరిణమిస్తుంది.