పండవానీలో తంబురా, హార్మోనియము

వాద్యమునకు స్వరములు పెరిగినప్పుడు దానితోపాటు కళయు పెరుగునా అనునది సంగీత చరిత్రలో పాత ప్రశ్న. ఆఫ్రికాలో బొటనవ్రేళ్ళతో మీటెడి లోహపు నాలుకల వాద్యమొకటి గలదు. జింబాబ్వేలోని షోనా ప్రజలు దానిని ఎంబీరా అందురు. 1950ల దశకములో దక్షిణాఫ్రికాలో హ్యూ ట్రేసీ అనునాతడు ఆ జాతి వాద్యమును పాశ్చాత్య సప్తస్వర క్రమమునకు సవరించి, కలింబా అను పేరుతో ప్రపంచమునకు అందించినాడు. పిమ్మట ఆ ఏడు స్వరముల నడుమనున్న అర్ధస్వరములకు సైతము నాలుకలు అమర్చిన వాద్యములు వచ్చినవి. వాటిపై ఏ శ్రుతిలోనైనను పాట ఎత్తుకొనవచ్చును. అయితే బొటనవ్రేళ్ళు రెండే గదా! నాలుకలు హెచ్చినకొలది వాటి శ్రమ హెచ్చినది. చేతికి తానై దొరకుచుండిన పాటను ఇప్పుడు వెదకి పట్టుకొనవలసి వచ్చినది.

ఇటువంటి మార్పే మన దేశములో ఛత్తీస్‌గఢ్ కథాగానమైన పండవానీలోను జరిగినది. కాని అక్కడ దాని ఫలితము వేరు.

1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియనుతో కుదిరిన ఒప్పందము వలన దుర్గ్ ప్రాంతములో భిలాయి ఉక్కు నగరము వెలసినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించినారు. తెలుగు సీమ నుండియు ఎందరో బ్రతుకుతెరువుకై ఆ నగరమునకు తరలిపోయినారు. కాని ఆ పొగగొట్టములకు అనతిదూరమున ఉన్న పల్లెలలో అంతకు ఎన్నో తరముల ముందు నుండియే భారతకథ వినబడుచుండెను.

పండవానీ అనగా పాండవుల కథ. దానికి ప్రాణము భీముడు. గాయకునికి ఒక చేత తంబురా, మరొక చేత కర్తాళము. ప్రక్కన కూర్చున్న రాగీ ‘ఊఁ’ కొట్టుచు, ప్రశ్నలు వేయుచు కథను నడిపించును. మన బుఱ్ఱకథలో భుజమున తంబురా దాల్చిన కథకుని, అతనికి వంత పాడువారిని ఎరిగిన తెలుగువారికి ఈ దృశ్యము క్రొత్త కాదు.

ఆ తంబురా పలుకునది శ్రుతి మాత్రమే. పాటకు అది నేలవంటిది. నేలపై అడుగు ఎచట వేయవలెనో అది చెప్పదు. గాయకుడు తన గొంతునకు ఒదిగిన స్థాయిలో తీగె బిగించుకొని, స్వరమును ఇష్టము వచ్చినట్లు వంచుకొనెడివాడు.

హార్మోనియము వచ్చిన తరువాత ఈ స్థితి మారినది. ఐరోపాలో పుట్టి, 19వ శతాబ్ది చివరి భాగమున కలకత్తాలో చేతి తిత్తితో మోయదగిన రూపము పొందిన ఈ పెట్టెలోనివి కూడ లోహపు నాలుకలే. వాటిని మీటునది వ్రేలు కాదు, గాలి. స్థాయికి పండ్రెండు మెట్లు. ఏ మెట్టునైనను షడ్జముగా గైకొనవచ్చును. అయితే ఒక మెట్టు నుండి మరియొక మెట్టునకు దూకవలసినదే కాని జారుటకు వీలు లేదు. గమకమునకు ప్రాణాంతకమను ఈ కారణమున 1940లో ఆకాశవాణి దానిని వెలివేసినది. 1971లో గాని ఆ నిషేధము సడలలేదు. కాని పల్లె అరుగులు, నాటక రంగస్థలములు ఆ తీర్పును పాటింపలేదు. మన పద్యనాటకములవలెనే పండవానీ బృందమును హార్మోనియమును విడువలేదు. క్రమముగా తబలా, ఢోలక్, బెంజో దానికి తోడైనవి. ఈ బెంజోకు మూలము 1912లో జపానులోని నాగోయాలో మొరితా గోరో కల్పించిన తైషోగోతో అను మీటల వాద్యము.

మరి తంబురా ఏమైనది? పండ్రెండు మెట్ల వాద్యము ప్రక్కకు వచ్చి కూర్చున్నప్పుడు దాని పని తీరిపోవలసినది. కాని తీరిపోలేదు, దానికి క్రొత్త పని దొరికినది.

పండవానీలో రెండు పద్ధతులు గలవు. వేదమతి పద్ధతివారు కూర్చుండి, సబల్‌సింహ్ చౌహాన్ హిందీ పద్యభారతమును అనుసరించి పాడుదురు. ఝాడూరామ్ దేవాంగన్ ఇందులో ప్రసిద్ధుడు. కాపాలిక పద్ధతివారు నిలుచుండి అభినయింతురు. ఈ రెండవది పురుషుల సొత్తుగా ఉండెడిది. భిలాయికి చేరువనున్న గనియారీలో 1956లో జన్మించిన తీజన్‌బాయి ఆ కట్టును త్రెంచినది. మాతామహుడైన బ్రిజ్‌లాల్ పాడగా విని నేర్చి, పదమూడవ యేట తొలి ప్రదర్శన ఇచ్చినది. స్త్రీ పండవానీ పాడుట తగదని పారధీ కులమువారు ఆమెను వెలివేసినారు. అయినను ఆమె పాట మానలేదు. తదుపరి భిలాయి ఉక్కు కర్మాగారములో ఉద్యోగము, 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ ఆమెను వరించినవి.

ఆమె చేతిలో నెమలి ఈకల తంబురా భీముని గద, అర్జునుని ధనుస్సు, అతని రథము. దుశ్శాసనుడు ఈడ్చుచున్న ద్రౌపది కురులును అదియే. పాట బరువును వెనుక కూర్చున్న హార్మోనియము మోయుచుండుట చేతనే తంబురా ఇట్లు గాలిలోనికి లేవగలిగినది. శ్రుతి కొరకు దానిని చెవికి దగ్గరగా పట్టుకొనవలసిన అక్కర తీరినది. గాయని నిలువవచ్చును, నడువవచ్చును, గర్జింపవచ్చును.

దీనికి మూల్యము లేకపోలేదు. మెట్లకు నడుమ వంగెడి పాత స్వరములు కొన్ని ఆ పెట్టెతో చెలిమి చేయలేవు. గొంతు వాటిని పలికినను వాద్యము పలుకదు. అయినను పండవానీ పాతదానిని పారవేసి క్రొత్తదానిని గైకొనలేదు. పండ్రెండు స్వరములను వెనుక కూర్చుండబెట్టి, ఒక్క శ్రుతిని ముందు నిలిపినది. స్వరములు పెరిగిన వాద్యము గొప్పదా, పెరుగనిది గొప్పదా అను వాదమునకు ఆ పల్లె గాయకులు చెప్పిన సమాధానమిది.