డాక్టరు చాంగ్: సంతానశాస్త్రమునకు ఆయన చేసిన సేవ

సంతానము కలుగని దంపతులలో లోపమంతయు స్త్రీదే యని నిందించుట లోకమున చిరకాలముగా నున్న దురాచారము. గొడ్రాలను మాట ఊరూరను వినబడును గాని, అట్టి లోపమే గల పురుషునికి అంత వాడుకలోనున్న మాట లేదు. శాస్త్రము మాత్రము ఈ పక్షపాతమును అంగీకరింపదు. 1677లో హాలెండు దేశీయుడగు లీవెన్‌హుక్ శుక్రకణములను సూక్ష్మదర్శినితో చూచి లోకమునకు తెలిపెను. అవి అండముతో కలియుటకు ముందు ఏమి జరుగవలయునో తెలియుటకు మరి 274 ఏండ్లు పట్టెను. ఆ రహస్యమును కనుగొన్న వారిలో డాక్టరు మిన్ చూ చాంగ్ ముఖ్యుడు.

ఈయన 1908లో చైనా దేశమున షాన్సీ రాష్ట్రమునందు జన్మించెను. 1933లో సింగ్హువా విశ్వవిద్యాలయమున పట్టము పొందెను. 1938లో పోటీపరీక్షయందు నెగ్గి ఎడింబరోకు వెళ్లి, పిమ్మట కేంబ్రిడ్జి చేరి, పశువుల శుక్రకణములను గూర్చి పరిశోధించి 1941లో డాక్టరు పట్టము నందెను. 1945లో అమెరికాలోని వూస్టర్ ప్రయోగాత్మక జీవశాస్త్ర సంస్థయందు గ్రెగరీ పింకస్ వద్ద చేరెను. తొలిదినములలో జీతము చాలక, రాత్రులందు ఆ సంస్థకే కావలి కాచుచుండెను. తుదివరకు ఆయన కృషి అచ్చటనే సాగెను.

అంతకుముందు పలువురు గాజుపాత్రలో అండమును, శుక్రకణములను కలిపి చూచిరి; ఫలితము నిలువలేదు. కారణమేమి? చాంగ్ కుందేళ్లపై ప్రయోగము చేసెను. అప్పుడే సేకరించిన శుక్రకణములను అండము విడుదలయైన పిమ్మట అండనాళమునందు ఉంచినచో ఫలదీకరణము జరుగలేదు. అవి ఆడకుందేలు శరీరమున సుమారు ఆరు గంటలు గడపిన తరువాతనే అండమును చేరి ఫలింపజేయ గలిగెను. చురుకుగా ఈదు కణమైనను అంతవరకు పరిపక్వము కాదన్నమాట. 1951లో చాంగ్ దీనిని వెల్లడించెను. అదే సంవత్సరమున ఆస్ట్రేలియాలో ఆస్టిన్ కూడ వేరుగా ఇదియే కనుగొనెను. 1957లో చాంగ్ మరియొక విశేషము చూపెను: సామర్థ్యము పొందిన కణములను తిరిగి వీర్యద్రవమున ఉంచినచో ఆ సామర్థ్యము తొలగిపోవును.

గాజుపాత్రలో అండము రెండుగా, నాలుగుగా చీలినంత మాత్రమున ఫలదీకరణము జరిగెనని చెప్పరాదు. శుక్రకణము లేకయే అండము చీలుటయు కలదు. కావున చాంగ్ కఠినమైన నిదర్శనమును కోరెను. 1959లో పాత్రయందు ఫలించిన 36 అండములను ఆరు ఆడకుందేళ్లలో ఉంచగా, నాలుగు కుందేళ్లు 15 పిల్లలను కనెను. ఇక సందేహమునకు తావు లేకపోయెను. 1978 జులై 25న ఇంగ్లండున లూయీ బ్రౌన్, అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖర్జీ కృషివలన ఒక బాలిక జన్మించుట ఈ మార్గమున వచ్చిన ఫలములే.

ఔషధ పరీక్షయందును చాంగ్ ప్రవీణుడు. 1951 నుండి పింకస్‌తో కలిసి ప్రొజెస్టెరోనును, తత్సంబంధమగు అనేక రసాయనములను కుందేళ్లకిచ్చి, ఏది అండము విడుదలను ఆపునో ఒక్కొక్కటిగా తేల్చెను. అందుండియే గర్భనిరోధక మాత్ర పుట్టి 1960లో అమెరికా ప్రభుత్వము అనుమతి పొందెను. అయితే 1956లో ప్యూర్టోరికోలో దానిని వాడి చూచిన పేద స్త్రీలకు అది ప్రయోగమని పూర్తిగా తెలుపలేదు; తొలి మాత్రలలో మందు పాలు కూడ మిక్కుటము. విజ్ఞానము వెంట న్యాయము నడువనిచో కలుగు కీడునకు ఇది నిదర్శనము.

బిడ్డలు కావలెనన్న వారికిని, ఇక చాలునన్న వారికిని తోడ్పడిన చాంగ్ 1991లో మరణించెను. ఆయన మార్గమున సాగిన శాస్త్రము నేడు చెప్పునది స్పష్టము: సంతానలేమి గల దంపతులలో సుమారు సగమందియందు పురుషుని లోపము కూడ కలిసియుండును. వీర్యపరీక్ష సులభము, నొప్పిలేనిది. 1992 నుండి, శుక్రకణములు మిక్కిలి కొరవడిన పురుషులకు సైతము ఒక్క కణమును అండములోనికి సూదితో చొప్పించు విధానము లభించినది. కావున భార్యను ఊరూర త్రిప్పి, మ్రొక్కులు మ్రొక్కించి, తుదకు మారుమనువు తలపెట్టుటకు ముందు భర్తయు పరీక్ష చేయించుకొనవలయును. ఈ చిన్న తెలివి గ్రంథాలయమునుండి ఇంటికి చేరినను ఒక స్త్రీ కన్నీరు తుడువగలదు.