తెర మీద కాలం ఎవరిది, చోటు ఎవరిది?

సినిమా గురించి మాట్లాడేటప్పుడు మనం కథ దగ్గరే ఆగిపోతాం. అందులో ఎవరి కాలం నడుస్తున్నది, ఎవరికి చోటు దొరికింది, మన కన్నీళ్ళు ఎవరి కోసం అని అడగం. అందుకే మేం ఒక కాగితం మీద కాలం, చోటు, ఉద్వేగం అని మూడు గళ్ళు గీసి మూడు సినిమాలను అందులో నింపి చూశాం.

1936లో ఫ్రాంజ్ ఆస్టెన్ హిందీలో తీసిన 'అఛూత్ కన్య' రైల్వే గేటు దగ్గర మొదలై గతంలోకి పోతుంది. గేటు కాపలాదారు కూతురు కస్తూరి అప్పటికే చనిపోయింది. ఆమెకు గతం ఉంది గానీ రేపు లేదు. ప్రేక్షకుడికి మిగిలింది జాలే.

1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాలపిల్ల'కు కథ చలానిది. ఆలయ ప్రవేశాన్ని తెర మీదికి తేవడం ఆనాడు మామూలు సంగతి కాదు. దాన్ని తక్కువ చెయ్యం. కానీ చోటు గడి చూడండి. ప్రేమికులు కలకత్తా పోవాల్సొచ్చింది. కాంచనమాల వేసిన నాయిక చదువుకొని, కట్టూబొట్టూ మార్చుకున్నది అక్కడే, ఊళ్ళో కాదు. ఇక కాలం. మంటల్లో చిక్కుకున్న శాస్త్రి భార్యను దళిత యువకుడు కాపాడాలి, శాస్త్రి మనసు మారాలి, అప్పుడే గుడి తెరుచుకుంటుంది. అందాకా వాడంతా ఎదురుచూడాల్సిందే. ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకునేది కూడా శాస్త్రి మారినప్పుడే.

2013లో నాగరాజ్ మంజులే మరాఠీలో తీసిన 'ఫాండ్రీ'లో ఈ లెక్క తిరగబడింది. కైకాడి కుర్రాడు జబ్యా ఇంటిల్లిపాదీ బడి పక్కన పందిని తరుముతుంటారు. బడిలో జనగణమన మొదలవుతుంది. జబ్యా ఆగుతాడు, ఇంటివాళ్ళూ ఆగుతారు, పంది తప్పించుకుపోతుంది. దేశం కాలం, వెలివాడ కాలం అక్కడ ఢీకొంటాయి. తర్వాత పట్టిన పందిని మోసుకుపోతుంటే వెనక బడి గోడ మీద అంబేద్కర్, సావిత్రీబాయి ఫూలే బొమ్మలు కనిపిస్తాయి. చివరికి జబ్యా విసిరిన రాయి సూటిగా కెమెరా మీదికి వస్తుంది. తెర చీకటవుతుంది. అందాకా అతన్ని చూసి నవ్విన గుంపు ఉన్న చోట ఇప్పుడు ప్రేక్షకుడున్నాడు. ఏడ్చి మనసు తేలిక చేసుకుని పోయే వీలు లేదు.

అయితే హాల్లో అందరూ ఒకటి కాదు. వాడ నుంచి వచ్చినవాళ్ళకు ఆ రాయి తగలదు, అది వాళ్ళ చేతిలోంచి వెళ్ళిందే. దళితుల మీద సినిమా వచ్చిందని సంబరపడే ముందు హాస్టళ్ళలో, తరగతుల్లో ఈ మూడు గళ్ళూ గీసి చూద్దాం. మనల్ని ఏ చోట నిలబెట్టి ఏడిపిస్తున్నారో అప్పుడు తేలుతుంది.